నీలం వెలిసిపోయిన ఏడు

కినుయె చేతికి మొదట పట్టుబడ్డ పని మిఠాయిలది. బడి మానేసిన ఏడే తొరిగాహామా రేవు బజారులోని ఒక మిఠాయి కొట్టులో కుదిరింది. అక్కడ వేడెక్కిన ఇనప గంగాళం ఏటవాలుగా తిరుగుతూ ఉండేది. అందులో గసగసాలంత పంచదార పలుకులు దొర్లుతుంటే, పైన పాకం చిలకరిస్తూ పోవాలి. పొర మీద పొర పట్టి కొన్నాళ్ళకి అవి బఠాణీలంత గుళికలయ్యేవి. తొందరపడ్డవాళ్ళ గుళికలు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయేవి. కినుయెకి తొందరంటే తెలియదు. కొట్టు మూతపడ్డాక, ఊరి చివరి బాణసంచా ఇంటి ఇల్లాలు వెతుక్కుంటూ వచ్చి, పంచదార బదులు మందు పట్టించాలి, అంతే తేడా, నోట్లో మాత్రం వేసుకోకు అని నవ్వి వెంటబెట్టుకుపోయింది. ఆ ఇల్లాలు పోయి చాలా ఏళ్ళయింది. కినుయె మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ పనిశాల పైన్ తోపు వెనక, సముద్రానికి వీపు తిప్పి కూర్చున్నట్టు ఉంటుంది. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య ఎత్తయిన మట్టికట్టలు. ఒకటి పేలినా పక్కది బతకాలని. ఏ షెడ్డులోకి అడుగుపెట్టాలన్నా గుమ్మం పక్కనున్న రాగిరేకు మీద అరచెయ్యి ఆనించి, ఒంట్లో కరెంటేదన్నా దాగి ఉంటే వదిలించుకుని మరీ వెళ్ళాలి. నూలు బట్టలు తప్ప కట్టకూడదు. ఆకాశంలో విచ్చుకునే ప్రతి రేకా నిజానికి ఒక చిన్న మందు గుళిక. పనివాళ్ళు వాటిని చుక్కలంటారు. ఆవగింజ మీద మొదలుపెట్టి, తడి చల్లి, మందు చల్లి, గంగాళంలో దొర్లించి, చట్రాల మీద పరిచి ఎండలో ఆరబెట్టి, మర్నాడు ఇంకో పొర, ఆ మర్నాడు ఇంకోటి. పైపైన ఆరితే చాలదు. లోపల చెమ్మ మిగిలిందంటే ఆ చుక్క పైన సగంలో ఆరిపోతుంది.

ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు తలా ఒకరు చూసుకునేవారు. నీలం కినుయెది. నీలమే అన్నిటికన్నా మొండిది. మంట కాస్త వేడెక్కితే తెల్లబోతుంది, కాస్త తగ్గితే చీకట్లో కలిసిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సన్నటి దారి మీద నడిపించాలి. యజమాని తొకుజో మేస్త్రి పొగడ్తలు తెలిసిన మనిషి కాడు. కినుయె నీలం పైకెళ్ళి విచ్చుకున్నప్పుడు మాత్రం ఒకసారి గొంతు సవరించుకునేవాడు. అది చాలు అందరికీ.

ఆమె మొగుడు శింపాచి ఎదురుగా ఉన్న దీవికి తిరిగే లాంచీ మీద పనిచేస్తాడు. తాళ్ళు విసరడం, మూటలు దించడం, ముసలమ్మల్ని చెయ్యి పట్టి ఎక్కించడం. ఒక ఏడు శీతాకాలంలో మంచుతుఫాను మధ్య లాంచీ ఇంజను ఆగిపోయింది. దీవికీ రేవుకీ మధ్య ఎటూ కాకుండా పడి, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయింది. అదృష్టం కొద్దీ ప్రయాణికులు లేరు, పనివాళ్ళే. ఆ రాత్రంతా వాళ్ళ పెళ్ళాలు రేవు ఆఫీసులో పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నిద్రపోలేదు. టీ కాచుకోవడం, అది చల్లారిపోవడం, మళ్ళీ కాచుకోవడం. తెల్లవారాక గస్తీ ఓడ లాంచీని తాడుకట్టి లాక్కొచ్చింది. శింపాచి గడ్డకట్టిన మీసాలతో దిగి, పెళ్ళాం ముందు నిలబడి, ఇంట్లో అన్నం ఏమన్నా ఉందా అని అడిగాడు. కినుయె ఉందంది. ఇద్దరూ ఇంటికి నడిచారు.

ఆ రేవులో సెప్టెంబరు పండక్కి ఎవరి మొక్కు వాళ్ళు ఆకాశంలో చెల్లించుకుంటారు. బిడ్డ పుట్టినా, షష్టిపూర్తి అయినా, పోయినవాళ్ళని తలుచుకోవాలన్నా గుడి పేరున ఒక బాణసంచా గుండు పేలుస్తారు. మైకులో పేర్లు చదివి, ఎందుకు మొక్కుకున్నారో చెప్పి, అప్పుడు వదులుతారు. లాంచీవాళ్ళంతా కలిసి ఆ ఏడు ఒక పెద్ద గుండు మొక్కుకున్నారు. మొత్తం నీలమే ఉండాలన్నారు. లాంచీ కెప్టెను స్వయంగా వచ్చి తొకుజో మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి కినుయె వైపు చూశాడు. ఆమె తలవంచి సరేనంది.

వసంతంలో మేస్త్రి ఒక బహుమానం తెచ్చాడు. పక్క రేవులో ఏదో పాత సరుకు అమ్మేస్తుంటే చూశాడట. సన్నటి దేవదారు బద్దలతో, మేకు లేకుండా బిగించిన చట్రాలు, కింద వెదురు అల్లిక. ఇంత మంచి పనితనం ఇప్పుడెవరు చేస్తారు అంటూ తనే దగ్గరుండి వేణ్ణీళ్ళతో తోమించి, ఆరబెట్టించి, అన్నీ కినుయె షెడ్డు ముందు పెట్టించాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆమెకి చేత్తో ఇచ్చిన వస్తువు అదొక్కటే. ఆమె పాత చట్రాలు అటక మీదికి పంపేసి, ఆ రోజు నుంచీ నీలం చుక్కలు కొత్తవాటి మీదే ఆరబెట్టింది.

వానాకాలంలో తెరిపి దొరికిన ఒక సాయంత్రం, ఇసుకలో గొట్టం పాతి, కొత్త చుక్కలు పోసిన చిన్న గుండొకటి పరీక్షకి వదిలారు. కినుయె ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. గుండు పైకెళ్ళి విచ్చుకుంది. ఆకారం బాగుంది. నీలమే బాగాలేదు. నీలం కాకుండా పోలేదు గానీ, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కాలా ఉంది. బూడిద కలిసినట్టు ఉంది. ఆమె కళ్ళు నులుముకుని పక్కకి చూసింది. ఎరుపు చుక్కలు చేసే మనామి బాగుందండీ అంది. మేస్త్రి ఊఁ అన్నాడు. గొంతు సవరించుకోలేదు, కానీ ఏమీ అనలేదు కూడా. ఇంకొకటి వదిలారు. అదీ అంతే.

కినుయె తల్లి ఆఖరి రోజుల్లో చూపు పోగొట్టుకుంది. మొదట పోయింది రంగులే. కిమోనో మీద పువ్వులు ఏ రంగో అడుగుతూ ఉండేది, చెప్పాక, అదే అనుకున్నా అనేది. ఆ మాట కినుయెకి ఆ రాత్రి నిద్రలో కూడా వినబడింది. ఇన్నేళ్ళూ కళ్ళనే నమ్ముకుని బతికిన మనిషి. కళ్ళు పోతే గుండ్లకి కాగితాలు అంటించే బల్ల దగ్గరికి పంపిస్తారు, అంతకన్నా ఏమీ కాదు. కానీ లాంచీవాళ్ళ గుండు? చూపులేని మనిషి చేతిలో పెట్టారే.

ఎవరికీ చెప్పలేదు. మొగుడి ముందు కూడా నోరు మెదపలేదు. అయితే శింపాచి చూస్తూనే ఉన్నాడు. ఆమె మాటిమాటికీ ఆకాశం వంకా, గోడ మీద కాలెండరు వంకా, మిసో పులుసు గిన్నె మీది నీలం గీతల వంకా ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూస్తోంది.

"ఏమే, నాకేసి కూడా ఓసారి అలా చూడు. ఏ కంటికి అందంగా ఉన్నానో చెబుదువుగాని" అన్నాడు ఒక పొద్దున్న.

"ఏ కంటికీ లేరు" అంది. అని, మొహం పక్కకి తిప్పుకుంది. మర్నాడు అతను పెట్టెలోంచి ఆమె ఆరోగ్య బీమా కార్డు తీసి బల్ల మీద పెట్టి పనికి వెళ్ళిపోయాడు.

కినుయె బస్సెక్కి పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ఇంకా చిన్నవాడు, ఓపికైనవాడు. దీపాలు వేసి చూశాడు, చుక్కల మందేసి చూశాడు. తర్వాత రంగు రంగుల బిళ్ళలు ముందు పోసి, ఒక రంగు నుంచి ఇంకో రంగుకి జారేటట్టు వరస పెట్టమన్నాడు. ఆమె నీలం నుంచి ఆకుపచ్చ మీదుగా వరస పేర్చుకుంటూ పోయింది. ఎక్కడా చెయ్యి తడబడలేదు. డాక్టరు బిళ్ళలు తిరగేసి వెనక అంకెలు చూసి, ఈ వయసులో అందరికీ ఉన్నట్టే కాస్త పొర మొదలైంది తప్ప ఏమీ లేదనీ, రంగుల విషయంలో తనకన్నా ఆవిడ కళ్ళే బాగున్నాయనీ చెప్పాడు.

గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. గది బయటికొచ్చి బెంచీ మీద కూర్చునేదాకా ఆ హాయి నిలిచింది. కూర్చున్నాక రెండో ఆలోచన వచ్చింది. కళ్ళు మంచివైతే నీలమే చెడిందన్నమాట. నీలం చేసింది తనే. ముందు నుయ్యి పోయిందనుకుంటే వెనక గొయ్యి మిగిలింది.

"కినుయెవి కదూ నువ్వు? మిఠాయి కొట్టు కినుయెవి?"

పక్కన కంటికి గంత కట్టుకున్న ఒక పెద్దమనిషి. ఒక్క నిమిషం పట్టింది గుర్తుపట్టడానికి. బడిలో ఆమె వెనక బల్ల మీద కూర్చునే తదనొబు. పట్నం ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. శుక్లం ఆపరేషను చేయించుకుని కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. ఒక కన్ను కొత్తది, ఒకటి పాతది అని నవ్వాడు. పరాయివాళ్ళ దగ్గర మనసు విప్పడం తేలికంటారు. అరపరిచయం ఉన్నవాళ్ళ దగ్గర ఇంకా తేలిక. కినుయె జరిగిందంతా చెప్పేసింది. బూడిద కలిసినట్టు అన్న మాట దగ్గర అతను ఆపాడు.

"బూడిదేనా? పసుపు కలిసినట్టు కాదా? ఆలోచించి చెప్పు."

ఆమె కళ్ళు మూసుకుని ఆ సాయంత్రాన్ని మళ్ళీ చూసుకుంది. నీలంలో పసుపు పడితే తెల్లబారి మాసినట్టవుతుంది. అవును, అంతే అయింది.

తదనొబు గంత సవరించుకుంటూ తన సంగతి చెప్పాడు. వాళ్ళ గదిలో ఒకప్పుడు రక్తంలో ఉప్పు ఎంతుందో మంటతో కొలిచేవారు. సీరం చుక్క నీళ్ళలో కలిపి సన్నటి మంటలోకి చిమ్మితే మంట పసుపెక్కుతుంది. ఎంత పసుపెక్కితే ఉప్పులోని సోడియం అంత ఉన్నట్టు. సముద్రం మీంచి గాలి వీచే రోజున కిటికీలు బిగించుకునేవారట. ఆ గాలిలో ఉన్న ఉప్పుకే మిషను ముల్లు లేచి ఆడేదట.

"నీ నీలంలో ఎక్కడో ఉప్పు పడింది" అన్నాడు. "ఒట్టేసి చెప్పలేను. కానీ నా దగ్గరొక గొట్టం ఉంది. అది చెబుతుంది."

రెండు రోజులాగి కట్టు విప్పాక, ఎండ బాగా ఉన్న పూట వచ్చాడు. మేస్త్రి ఆ రోజు గుడి పెద్దలతో మాట్లాడటానికి ఊళ్ళోకి వెళ్ళాడు. కినుయె అతని చేత రాగిరేకు మీద చెయ్యి పెట్టించి, నైలాన్ చొక్కా విప్పించి శింపాచి పాత నూలు చొక్కా తొడిగించి, షెడ్లకి దూరంగా ఇసుకతిన్నె చాటుకి తీసుకెళ్ళింది. అతని గొట్టం బొటనవేలంత లావు, జానెడు లేదు. ఒక చివర సన్నటి చీలిక, లోపల పట్టకం. వెలుగుని విడదీసి ఏ రంగులు కలిసి ఉన్నాయో చూపిస్తుంది. ఇటుక మీద నిరుడు మిగిలిన నీలం చుక్కొకటి పెట్టి, పొడుగాటి వత్తితో అంటించారు. కినుయె గొట్టం కంటికి పెట్టుకుంది. నీలం, ఊదా పట్టీలు వరసగా, చీకట్లో వేలాడే కొత్త తాళ్ళలా కనిపించాయి. మధ్యలో పసుపుగీత ఉందీ లేదన్నట్టు మెరిసి పోయింది. తర్వాత ఈ ఏటి చుక్క అంటించారు. ఈసారి పసుపుగీత కత్తిలా నిలబడింది. దాని పక్కన నీలం పట్టీలు నోరు కట్టేసినట్టున్నాయి.

"అదుగో నీ దొంగ" అన్నాడు తదనొబు.

అంత సన్నగా, అంత ఒకేచోట ఎందుకుందని ఆమె అడిగింది. అతను ఇసుకలో కూర్చుని చెప్పడం మొదలెట్టాడు. అడిగినవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో, మొహం విప్పారింది.

"పరమాణువు లోపల ఎలక్ట్రాన్‌కి అరలుంటాయి. మీ ఊరి ఉమ్మడి స్నానాల ఇంట్లో బట్టలు పెట్టుకునే అరల్లాగ. ఈ అరలో ఉండాలి, లేదా పై అరలో ఉండాలి. మధ్యలో వేలాడ్డం కుదరదు. మంట తగిలితే ఆ వేడి మింగి పై అరకెక్కుతుంది. అక్కడ రెప్పపాటు కూడా ఉండలేదు. కిందికి దిగేటప్పుడు మింగినదంతా వెలుగుగా కక్కేస్తుంది. ఎంత ఎత్తు నుంచి దిగితే ఆ రంగు. సోడియం అరల మధ్య ఎత్తు సరిగ్గా ఈ పసుపంత. ఇక్కడ కాల్చినా, ఇంకెక్కడ కాల్చినా వెంట్రుకవాసి తేడా రాదు."

"మరి నా నీలం?"

"నీ నీలం రాగీ క్లోరినూ జతకట్టినప్పుడు వచ్చేది. ఆ జతకి మంట ఎక్కువైతే విడిపోతారు. అందుకే నువ్వు మంటని అదుపులో పెడతావు. నువ్వు చేసేది అదే, పేరు తెలియకపోతేనేం. కానీ అదుపులో పెట్టిన మంటలో వాళ్ళ గొంతు చిన్నది. సోడియం గొంతు పెద్దది. గుడి ముందు పెద్ద డోలు కొడుతుంటే పక్కన పిల్లనగ్రోవి ఊదినట్టు ఉంటుంది, ఎవరికి వినబడుతుంది?"

ఇన్నేళ్ళు తన చేతిలో జరుగుతున్నదానికి ఇంత సంసారం ఉందని కినుయెకి తెలియదు. మింగడం, ఎక్కడం, నిలవలేక దిగడం, దిగుతూ వెలగడం. తను చూసింది ఆఖరి ఘట్టం ఒక్కటే. తదనొబు ఆమె చేతిలో గొట్టం పెట్టి ఆకాశం వైపు చూడమన్నాడు, సూర్యుణ్ణి మాత్రం కాదని హెచ్చరించాడు. రంగులన్నీ పరిచినట్టు కనిపించాయి. సరిగ్గా ఆ పసుపున్న చోట సన్నటి నల్లగీత. అది సూర్యుడి మీది సోడియం. ఏ రంగు కక్కగలదో ఆ రంగునే మింగగలదు కూడా, లోపల్నుంచి వచ్చే వెలుగులో తన వాటా తను మింగేసింది, అందుకే అక్కడ నలుపు అన్నాడు.

"సూర్యుడిలోనే ఉందంటే నా చుక్కల్లో ఉండటం మరీ అంత నేరమేం కాదులే" అంది కినుయె. ఎన్నో రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు కనిపించింది.

దొంగ దొరికాడు గానీ ఏ గుమ్మంలోంచి వచ్చాడో తెలియాలి. మందు పొడులు నిరుటి సంచుల్లోవే. అంటుకోవడానికి కలిపే బియ్యప్పిండి, బావినీళ్ళు, ఆవగింజలు, అన్నీ కొంచెం కొంచెం తీసి, తడిపిన తీగ కొసకి అద్ది వంట గ్యాసు మంటలో చూశారు. వేటిలోనూ గీత బలంగా లేదు. చేతుల చెమటేమో అనుకున్నారు, అదీ కాదు. తదనొబు అలిసిపోయి అరుగు మీద కూలబడ్డాడు. కినుయె బార్లీ టీ తేవడానికి లేచింది. అప్పుడు చుక్కలు ఆరబెట్టే చోటు నుంచి పిల్లిని అదిలిస్తున్న మనామి గొంతు వినిపించింది. రేవు పిల్లులు ఈ ఏడు ఊరికే వదలడం లేదని, ఖాళీ చట్రాలని కూడా నాకిపోతున్నాయని ఆ పిల్ల విసుక్కుంటోంది.

కినుయె చేతిలో టీ పాత్ర అక్కడే పెట్టేసింది. చట్రాల దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్న ఒకదాని అంచుని గోటితో గీకి, ఆ గోరు నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. కాస్త వెనకగా, చాలా దూరం నుంచి, ఎండుచేప.

ఉప్పుచేపలు ఆరబెట్టిన చట్రాలవి. ఎవరివో ఒకరి ఎండుచేపల కొట్టు మూసేసి అమ్మేసినవి. పైన ఎంత తోమినా, ఏళ్ళ తరబడి చెక్క తాగిన ఉప్పు లోపలే ఉంది. తడి చుక్కలు మీద పరిచినప్పుడల్లా చెమ్మతో పాటు పైకి ఊరి, ఎండకి చుక్కల ఒంటికి పట్టింది. పొర పొరకీ పట్టింది. తదనొబు ఒక పేడు చీల్చి నీళ్ళలో నానేసి, ఆ నీళ్ళు మంటలో చూసి, గొట్టం కినుయెకి ఇచ్చాడు. ఆమె చూడనక్కర్లేదంది. నాలిక చెప్పింది చాలు.

చెయ్యి మంచిదే. కన్ను మంచిదే. ఆమె అక్కడే చెక్కమొద్దు మీద కూర్చుండిపోయింది. నీరసంగా, తేలిగ్గా, జ్వరం దిగిన పిల్లలా అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, ఈ మాట మేస్త్రికి చెప్పాలి. ఆయన జన్మకొక్కసారి ఇచ్చిన బహుమానమే చెడగొట్టిందని ఏ మొహంతో చెప్పడం? చెప్పకుండా చట్రాలు మార్చేస్తే సరిపోతుందేమో అని కూడా ఆలోచించింది. కానీ చుక్కలన్నీ మళ్ళీ చెయ్యాలి. మందు, రోజులు, అన్నీ ఆయన సొత్తే.

మేస్త్రి సాయంత్రం వచ్చాడు. కినుయె నేలచూపులు చూస్తూ, తప్పు తనదే అన్నట్టు చెప్పుకుపోయింది. ముందుగా వాసన చూసుకోవలసింది, పాత చట్రాలు పక్కన పెట్టకుండా ఉండవలసింది అంటూ. తొకుజో మేస్త్రి అంతా విన్నాడు. వెళ్ళి, అంత వయసులో వంగి, చట్రం అంచు నాలికతో తాకాడు. మొహం చిట్లించాడు. వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆ సాయంత్రం నాకూ నీలం బాగా కనబడలేదు కినుయె గారూ" అన్నాడు.

ఆమె తలెత్తింది.

"డెబ్భై దాటాయి కదా, నా కళ్ళు పోయాయనుకున్నా. మీరేమీ అనలేదు, చూసేవాళ్ళకి బాగానే ఉందనుకున్నా. అప్పటి నుంచీ పనిశాల మూసెయ్యాలా, ఎవరికన్నా అప్పజెప్పాలా అని ఒకటే ఆలోచన. ఇవాళ గుడివాళ్ళతో కూడా ఆ మాటే అనబోయి ఊరుకున్నా."

మట్టికట్ట మీద నిలబడి వింటున్న మనామి సన్నగా దగ్గింది. తనకీ అలాగే కనబడిందని, పెద్దవాళ్ళిద్దరూ ఏమీ అనకపోతే ఈ ఏడు నీలం ఇలాగే ఉండాలేమో అనుకుని బాగుందన్నానని చెప్పింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది మేస్త్రి. ఆయన నవ్వగా వాళ్ళెప్పుడూ చూడలేదు. పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, టోపీతో తుడుచుకుని, తదనొబు ముందు వంగి దణ్ణం పెట్టి, ఇంత సేకే సారా తాగకుండా కదలనివ్వనన్నాడు. కొత్త కంటికి మందు పడదని డాక్టరన్నాడని తదనొబు అంటే, అయితే పాత కంటి తరఫున తాగండి అన్నాడు.

ఆ చుక్కలని ఏం చెయ్యాలన్నది పెద్ద సమస్య కాలేదు. పసుపు పువ్వుల గుండ్లలో, ఉప్పున్నా పట్టింపు లేనిచోట, కొన్ని సర్దారు, మిగతావి పనికిరానివాటితో పాటు తగలబెట్టారు. చట్రాలు సముద్రపు నాచు ఆరబెట్టుకునే వాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళకి ఉప్పుతో పేచీ లేదు. పాత చట్రాలు అటక మీంచి దిగాయి.

తర్వాతంతా ఎండతో పరుగే. వానాకాలం ఆ ఏడు మొండికేసి కూర్చుంది. పొద్దున్న ఎండ, మధ్యాహ్నం మబ్బు. కినుయె గంగాళం దగ్గర నిలబడి, తలుపులోంచి ఆకాశాన్ని చూస్తూ పొరలు పట్టించింది. చినుకు పడితే మనామి, మేస్త్రి, సెలవున్న రోజైతే శింపాచి కూడా, చట్రాలు లోపలికీ బయటికీ మోశారు. ఆమె ఒక్కసారి కూడా రెండు పొరలు కలిపి పట్టించలేదు. రోజులు దగ్గర పడుతున్నాయని మేస్త్రి గొణిగితే, లోపల పచ్చిగా ఉంటే మీకు మంచిదా అని మాత్రం అడిగింది. ఆగస్టులో ఎండ నిలిచింది. చివరి పొర ఆరిన రోజు ఆమె ఒక చుక్క ఇటుక మీద కాల్చి చూసింది. తదనొబు గొట్టం దగ్గర లేదు. వట్టి కళ్ళతోనే చూసి, ఊఁ అనుకుంది.

పండగ రోజు మబ్బు లేదు. కొండ మీంచి చిన్న గాలి. పొగ తెరలా ఆగకుండా సముద్రం మీదికి పోతుంది, అంతకన్నా ఏం కావాలి. బాణసంచావాళ్ళు గొట్టాల దగ్గర ఉంటారు, జనం ఎదురుగట్టు మీద చాపలేసుకుని కూర్చుంటారు. కినుయెని మాత్రం మేస్త్రి జనంలోకి తరిమాడు, మొగుడితో కూర్చుని చూడమని. చీకటి పడ్డాక మైకులో పేర్లు ఒక్కొక్కటీ వినిపించాయి. మనవరాలు పుట్టిందని ఒకరు, భార్య పోయి ఏడాదైందని ఒకరు. ఆ తర్వాత లాంచీ పేరు. మాఘమాసపు తుఫానులో మమ్మల్ని ఇంటికి చేర్చినందుకు, లాంచీ పనివాళ్ళందరూ అని చదివారు. లాంచీవాళ్ళ వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

గుండు లేచిన చప్పుడు కడుపులో తగిలింది. పైకి, ఇంకా పైకి, ఇక పేలదేమో అనిపించేంత పైకి వెళ్ళి విచ్చుకుంది. నీలం. అడుగున కాస్త ఊదా ఛాయతో, బాగా లోతున్న చోట సముద్రం ఉన్నట్టు. ఎడమ వైపు చుక్కలు కాస్త పలచబడ్డాయి, గుండులో సర్దడంలో తేడా అయ్యుంటుంది. మిగతాదంతా నిండుగా, కొసల దాకా మాయకుండా ఉండి, ఒకేసారి ఆరిపోయింది. జనం ఊపిరి వదిలిన శబ్దం గట్టు పొడుగునా వినిపించింది. చప్పట్లు ఆ తర్వాత మొదలయ్యాయి.

శింపాచి చప్పట్లు కొట్టలేదు. ఆకాశంలోనే చూస్తూ, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఆ రాత్రి నీళ్ళు ఇలా లేవే. నల్లగా ఉన్నాయి. ఇకమీదట కళ్ళు మూసుకుంటే ఇదే కనిపిస్తుంది."

కినుయె అతని చెయ్యి పట్టుకుంది. ఊళ్ళోవాళ్ళ మధ్య అలా పట్టుకోవడం ఆమెకి అలవాటు లేదు. చీకట్లో ఎవరూ చూడలేదు, చూసినా ఆ రోజు ఎవరూ ఏమీ అనరు.

మర్నాడు తెల్లవారకముందే పనివాళ్ళంతా ఇసుక మీదికి దిగారు. పేలకుండా మిగిలిపోయిన చుక్కలు, గుండ్ల కాగితపు డొక్కలు, పిల్లలకి దొరక్కముందే ఏరెయ్యాలి. అది చట్టమూ, అలవాటూ కూడా. మేస్త్రి ముందు నడిచాడు, మనామి నీళ్ళ అంచున. కినుయె బుట్ట పట్టుకుని మధ్యలో నడిచింది. పేలకుండా మిగిలినవి దాదాపు లేవు. పొద్దెక్కేసరికి ఒక తలగడంత కాగితం పోగయింది. అందరూ గట్టు మీద కూర్చుని అన్నం ముద్దలు తిన్నారు. రేగుపండు పచ్చడి పెట్టినవి మేస్త్రికి, చేపవి మిగతావాళ్ళకి. తిన్నాక కినుయెకి ఆవులింత మీద ఆవులింత వచ్చింది. ఎండ మొహం మీద పడుతున్నా, గట్టు రాళ్ళకి చేరబడి అక్కడే కళ్ళు మూసుకుంది. మనామి లేపబోతే మేస్త్రి చేత్తో సైగ చేసి, టోపీ తీసి ఆమె మొహం మీద నీడగా పెట్టి, బుట్టలు తీసుకుని పనిశాల వైపు నడిచాడు.